‘లైట్’ అని రాసుకున్న గిటార్ స్ట్రింగ్స్ ప్యాకెట్టు గారికి

మహారాజశ్రీ ఎకౌస్టిక్ గిటార్ స్ట్రింగ్స్ ప్యాకెట్టు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు మ్యూజిక్ షాపు గోడకి వేలాడుతూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మా ఎడమచేతి వేళ్లు తప్ప మిగతా అందరం క్షేమమే.

తమరు నుదుటి మీద పెద్దక్షరాలతో ‘లైట్’ అని రాసుకున్నారు. పక్కనే 12–53 అని అంకెలు. అంటే అన్నిటికన్నా సన్నని తీగ మందం అంగుళంలో వెయ్యింట పన్నెండు వంతులు, లావుపాటిది యాభైమూడు వంతులు. మొదటిసారి గిటార్ కొన్న పిల్లాడికి ఈ లెక్క ఎవరు చెబుతారు? లైట్ అని ఉంది కదా, తేలికే అనుకుంటాడు. తీరా ఆరు తీగలూ శ్రుతిలోకి వచ్చేసరికి తమరు ఆ పల్చటి చెక్కని 70 కేజీల పైచిలుకు బలంతో లాగుతుంటారు. అదే గోడకి రెండడుగుల అవతల వేలాడే ఎలక్ట్రిక్ గిటార్ సెట్లలో, మీ దాయాదులు కొందరు ఇదే 12తో మొదలై ‘హెవీ’ అని బోర్డు పెట్టుకుంటారు. వాళ్లకున్న నిజాయతీ తమరికి లేకపోయింది.

‘ఎక్స్‌ట్రా లైట్’ అనే 10 సెట్టు కూడా ఉంది కదా అంటారు. ఉంది. షాపులో అడిగితే “సౌండ్ రాదండీ” అని లోపల పెట్టేస్తారు. 10కీ 12కీ మొదటి తీగలో మందం తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. కంటికి ఆనదు. కానీ అదే లోహం, అదే పొడవు, అదే శ్రుతి అయినప్పుడు బిగువు మందానికి వర్గంగా పెరుగుతుంది. అందుకే మొదటి తీగ ఒక్కటే 10లో ఏడు కేజీల చిల్లర లాగితే, 12లో పదిన్నర లాగుతుంది. కంటికి ఆనని ఆ తేడా వేలికి బాగా తెలుస్తుంది.

మా అపార్ట్‌మెంట్ పిల్లలకి సాయంత్రాలు నాలుగు కార్డులు (కొన్ని స్వరాలు ఒకేసారి పలికించే వేళ్ల పట్లు) నేర్పుతుంటాను కాబట్టి దగ్గర నుంచే చూస్తున్నాను. ఎఫ్ కార్డు రోజు వస్తుంది. చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టాలి. కణుపు దగ్గరి గుంటలోకి మూడో తీగ దూరి కూర్చుంటుంది. మీటితే ‘టప్’మని మూగ చప్పుడు. ఇంకాస్త నొక్కుతాడు. బొటనవేలి మొదలు పీకుతుంది. కొన్న గిటార్ యాక్షనేమో, అంటే మెడకీ తీగలకీ మధ్య ఎత్తు, పన్నెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దగ్గర పెన్సిలు దూరేంత. వేలిచివర ఎర్రటి గాడి చూపించి, “అంకుల్, నా చేతికి రాదేమో” అంటాడు. ఆ తర్వాత గిటార్ బీరువా మీదకి ఎక్కుతుంది, పిల్లాడు కీబోర్డు క్లాసుకి వెళ్తాడు. తప్పు వాడి చేతిది కాదని తమరు ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు.

పైగా 13 గేజ్ (తీగ మందం) అన్నయ్యలని తయారుచేశారు. ‘మీడియం’ వేయనివాడు మగాడే కాదన్నట్టు చూస్తారు. డ్రెడ్‌నాట్ అనే పెద్ద పెట్టె గిటార్ మీద, మైకు లేకుండా, బాంజో చప్పుడుని దాటి వినపడాల్సిన బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతం వాళ్లకి ఆ సెట్టు న్యాయమే. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో, కింది వాళ్లు నిద్రపోయాక వాయించుకునేవాడికి ఎందుకు?

ఇక లోహం సంగతి. ‘80/20 బ్రాంజ్’ అంటే 80 వంతులు రాగి, 20 వంతులు జింకు. దాన్ని మేము ఇత్తడి అంటాం. ఇత్తడి బిందెని కంచు (బ్రాంజ్) బిందె అని చెప్పి అమ్మితే మా బజారులో ఊరుకోరు. 1974లో డాడారియో అనే తీగల కంపెనీవాళ్లు తెచ్చిన ఫాస్ఫర్ బ్రాంజ్ నయం, అందులో రాగితో పాటు 8 శాతం దాకా తగరం ఉంది, చిటికెడు ఫాస్ఫరస్ ఉంది. రంగు చెడకుండా కొంచెం ఎక్కువ రోజులే నిలుస్తుంది. అయితే ఏ బ్రాంజైనా నాలుగు లావు తీగల చుట్టూ చుట్టిన పైతొడుగే. మొదటి రెండు తీగలూ ఉత్త ఉక్కు. ఆ మాట ప్యాకెట్టు ముందుపక్క ఎక్కడా కనపడదు. ‘వార్మ్’, ‘బ్రైట్’ మాత్రం కనపడతాయి. కొత్తలో ఏ తీగైనా బ్రైటే లెండి.

విశాఖలో మే నెల తమరు ఎప్పుడైనా చూశారా? ఉప్పుగాలి, ఆ పైన చెమట. నాలుగు సాయంత్రాలకే సన్నతీగలు వేలి కింద గరగరమంటాయి, లావుతీగలు ఫ్రెట్‌ల దగ్గర నల్లబడతాయి. అలాంటి చోట కోటెడ్ తీగలకి డబ్బు పెట్టడం దండగ కాదనే నా అభిప్రాయం. గోర్‌టెక్స్ గుడ్డ చేసే కంపెనీవాళ్లే 1990లలో ఎలిక్సర్ పేరుతో ఈ పల్చని పొర తీగలు తెచ్చారు. మొదటి రోజు మెరుపు కాస్త తక్కువే, కానీ మూడో నెలలో కూడా పలుకుతాయి. చెమట పట్టని చేతులవాళ్లు మామూలువే కొనుక్కుని తరచుగా మార్చుకోవచ్చు.

కాబట్టి మనవి ఏమిటంటే, తమరి వెనకపక్క ఆ ఆరు భాషల పొగడ్తలు తీసేసి రెండు ముక్కలు రాయించండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి ఏడాది 10 గానీ 11 గానీ వేసుకోండి, గిటార్‌తో పాటు వచ్చిన తీగలకి తుప్పు ఉంటే ఇంటికి రాగానే పీకేయండి అని. గేజ్ తగ్గిస్తే మెడ కాస్త వెనక్కి వంగి తీగలు ఫ్రెట్‌లకి తగిలి జర్రుమనొచ్చు, ఎవరికైనా చూపించి మెడ లోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీ సరిచేయించుకోండి అని కూడా. జాగా చాలకపోతే ‘వార్మ్’ తీసేయండి.

ఇట్లు,
ఎడమచేతి వేళ్ల తరఫున,
ఒక వాయిద్యగాడు

తా.క.: నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఉన్నవాళ్లు తెలియక అడిగినా సరే, దయచేసి దాని మీదకి ఎక్కకండి. 1940ల దాకా పశువుల పేగు తీగలకి, ఆ తర్వాత నైలాన్‌కి అలవాటుపడ్డ ఒళ్లు దానిది. తమరి లాగుడుకి బ్రిడ్జి (తీగలు కట్టే చెక్క) ఊడి చేతికొస్తుంది. అన్నట్టు, ఆ నైలాన్ ప్యాకెట్ల మీద లైటు, మీడియం లాంటి మాటల కన్నా ముందు ‘నార్మల్ టెన్షన్’, ‘హార్డ్ టెన్షన్’ అని కనపడుతుంది. ఇంత టెన్షన్ పెడతామని వాళ్లు ముందే చెబుతున్నారు, తమరికేం అడ్డం?