ఐ7 ఉంది సార్, ఇంకేం కావాలి?

కంప్యూటర్ స్పీడు దాని డబ్బాలో వెలిగే లైట్లను బట్టి ఉంటుందని లోకంలో అందరికంటే ముందు కనిపెట్టింది మన నల్లగొండే. ఇంటెల్ వాళ్లకు, ఎన్విడియా వాళ్లకు ఈ సంగతి ఇంకా చేరినట్టు లేదు. పాపం, లేబొరేటరీల్లో కూర్చుని ట్రాన్సిస్టర్లతో కుస్తీ పడుతున్నారు. ఇక్కడ మనవాళ్లు చైనా ఫ్యాన్లు ఆరు బిగించి, పక్కన ఒక అద్దం తగిలించి, పైన 'గేమింగ్' అని స్టిక్కర్ అంటించి సైన్సును ఎక్కడికో తీసుకుపోయారు.

ఆ సైన్సు ఎలా అమ్ముడుపోతుందో ఈమధ్య కళ్లారా చూసే భాగ్యం కలిగింది. ప్రింటర్‌కు ఇంకు పట్టించుకుందామని ఒక షాపుకు పోయాను. కనగల్ దిక్కునుంచి వచ్చిన బత్తాయి రైతు ఒకాయన, డిగ్రీ చదివే కొడుకు అప్పటికే కుర్చీల్లో ఉన్నారు. షాపాయన లేచి ముందు ట్యూబ్‌లైట్ ఆర్పాడు. తర్వాత షట్టర్ సగం కిందికి దించాడు. ఆపరేషన్ థియేటర్లో కూడా ఇంత నిష్ఠ ఉండదు. "ఇప్పుడు సూడు కాకా" అని రిమోట్ నొక్కాడు. డబ్బా మొత్తం నీలంగా వెలిగింది. ఇంకోసారి నొక్కితే పచ్చగా, ఇంకోసారి నొక్కితే ఎర్రగా.

"గీ లైట్లకు కరెంట్ బిల్లు ఎక్కువొస్తదా?" అన్నాడు పెద్దాయన. ఆ రోజు ఆ షాపులో ఎవరైనా పనికొచ్చే ప్రశ్న అడిగారంటే అది ఆయనే.

"ఏం రాదు కాకా, అన్నీ ఎల్ఈడీలే."

పిల్లగాడికి కాస్త తెలిసినట్టుంది. ఐ7 అనేది కంప్యూటర్ మెదడైన ప్రాసెసర్‌కు ఇంటెల్ పెట్టిన వరస పేరే, అది ఏ కాలం నాటిదో చెప్పేది జనరేషన్. "అన్నా, ప్రాసెసర్ ఎన్నో జనరేషన్?" అన్నాడు.

"ఐ7 తమ్ముడూ."

"అదే అన్నా, ఎన్నో జనరేషన్?"

"అరె, ఐ7 అంటున్న కద!"

"గ్రాఫిక్స్ కార్డు?"

"టూ జీబీ. ఎన్విడియా."

"ఏ మోడలన్నా?"

"ఎన్విడియా తమ్ముడూ, ఎన్విడియా! ఆగు, నీకు మ్యూజిక్ మోడ్ సూపెట్టలే."

పాట పెట్టాడు. దరువుకు తగ్గట్టు డబ్బాలో ఏడు రంగులూ ఎగరడం మొదలుపెట్టాయి. పిల్లగాడి మొహం మీద ఒకసారి గులాబీ, ఒకసారి ఊదా. జనరేషన్ ప్రశ్న అక్కడే చచ్చిపోయింది. ధర యాభై రెండు వేలు, మాటామాటా అయ్యాక యాభై. మౌస్‌ప్యాడ్ ఫ్రీ.

ఇంకు ఆరేదాకా ఖాళీగానే ఉన్నాను కాబట్టి ఆ ఐ7 వివరాలు స్క్రీన్ మీద చూశాను. ఐ7-2600. 2011లో విడుదలైంది. అప్పటికి తెలంగాణ రాలేదు. నల్లగొండ మూడు జిల్లాలుగా విడిపోలేదు. ఆ పిల్లగాడు పలక పట్టి ఉంటాడేమో. దాన్ని ఏ ఆఫీసు కంప్యూటర్లోంచో పీకి, తుడిచి, అదే కాలం నాటి హెచ్61 రకం మదర్‌బోర్డు మీద కూర్చోబెట్టారు. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్ కనీసం ఎనిమిదో జనరేషన్‌ది ఉండాలని మైక్రోసాఫ్ట్ లెక్క. ఇది రెండో జనరేషన్. విండోస్ 10కేమో 2025 అక్టోబర్‌తో సపోర్ట్ ఆగిపోయింది. అప్పట్లో అది గొప్పదే, కాదనను. కానీ 1985లో జిల్లా ఫస్టు వచ్చిన తాతను తీసుకొచ్చి ఇవాళ ఇంజినీరింగ్ ఎంట్రెన్స్ రాయించి, ర్యాంకు రాకపోతే ఆశ్చర్యపోతే ఎలా?

2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్ అనే చిన్న ప్రాసెసర్ ఉంది. కోర్లు, అంటే లోపల లెక్కలు చేసే భాగాలు, దీనికీ నాలుగే. ఒకేసారి నడిపే పని వరసలు, అంటే థ్రెడ్లు, ఎనిమిదే. అయినా ఆ పాత ఐ7ను సులువుగా దాటిపోతుంది. కానీ మన షాపుల్లో ఐ3 అని నోరు జారితే కులం తక్కువ పని చేసినట్టు చూస్తారు. "ఐ3 నా? అది మీసేవల పనికి సార్!"

ఇక ఆ టూ జీబీ ఎన్విడియా, అంటే తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు, పేరు జీటీ 710. అందులో కోర్లు 192. 2021లో వచ్చిన ఆర్టీఎక్స్ 3060లో 3584. జీటీ 710 తినే కరెంటు మహా అయితే 19 వాట్లు. షాపాయన భక్తితో ఆర్పిన ట్యూబ్‌లైట్ పాతకాలందైతే దానికంటే ఎక్కువ తింటుంది. ఇంకో విశేషం, ఆ కార్డుకు ఫ్యానే లేదు. డబ్బాకేమో ఆరు. ఆ ఆరింటికీ ముందువైపు నిలువెత్తు అద్దం అడ్డం, గాలి ఎటునుంచి రావాలో వాటికే తెలియాలి. ఎండాకాలం 45 డిగ్రీలు కాసే ఊళ్లో జాలీ ఉన్న డబ్బా కొనాలని చెప్పడానికి ఇంజినీర్ అక్కర్లేదు. కానీ జాలీలోంచి లైట్లు సరిగ్గా కనపడవు కదా!

నిజానికి గేములు ఆడే కంప్యూటర్‌కు డబ్బు పెట్టే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బడ్జెట్‌లో సగానికి దగ్గరగా గ్రాఫిక్స్ కార్డుకే పోవాలి, ఆట నడిపేది అది. 1080పీకి, అంటే ఫుల్ హెచ్‌డీ తెరకు, ఆర్ఎక్స్ 6600 లాంటి కార్డు, పక్కన ఐ3-12100ఎఫ్ గానీ ఐ5-12400ఎఫ్ గానీ చాలు. అట్టపెట్టెతో కొత్తది కొంటే ఆ ప్రాసెసర్ల కూలర్ వాటితోనే వస్తుంది, వేరేగా లైట్ల కూలర్ దండగ. ర్యామ్ ఒక్క కర్ర కాకుండా రెండు కర్రలు పెట్టుకోవాలి. ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని 2025 చివరినుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, అలాంటప్పుడు మెరిసే ర్యామ్‌కు అదనంగా ఎందుకు కట్టాలి? మానిటర్ తీగను బోర్డుకు కాకుండా కార్డుకు గుచ్చాలి. ఇది చెప్పాల్సి వస్తున్నందుకు క్షమించాలి, బోర్డుకే గుచ్చి పంపే మహానుభావులు ఉన్నారు.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటును మార్చి లోపలి భాగాలకు పంచే పెట్టె, దాని దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు.

ఆ డబ్బాలో వేసిన ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసి ఉంది. చేత్తో ఎత్తితే అటుకుల ప్యాకెట్ కంటే బరువు లేదు. గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే పిన్ను తీగ కూడా లేదు. మన ఊళ్లలో వోల్టేజీ ఎట్లా ఎగిరెగిరి పడుతుందో, మోటార్లు ఎట్లా కాలిపోతాయో షాపాయనకు తెలియదా? తెలుసు. అది ఏదో ఒక రాత్రి కాలుతుందని, బోర్డును కూడా వెంట తీసుకుపోవచ్చని తెలుసు. తెలిసే పెట్టాడు, రెండు వేలు మిగిలాయి కాబట్టి. కాలిపోయిన రోజు చెప్పే మాట కూడా సిద్ధంగానే ఉంది: "మీ ఇంట్ల కరెంటే సక్కగ లేదు కాకా." బిల్లు ఏమిచ్చాడో తెలుసా? తెల్ల కాగితం. దాని మీద 'ఐ7 గేమింగ్', ధర, కింద 'టెస్టింగ్ వారంటీ'. అంటే షాపులో వెలిగింది, బాధ్యత తీరిపోయింది. మార్కెట్లో దళారి తరుగు కోసుకోగా మిగిలిన బత్తాయి పైసలు అవి. ఇక్కడికొస్తే ఇంకొకడు లైట్లు వేసి మరీ కోసుకున్నాడు. పాత సామాను పాతదని చెప్పి అమ్ముకో, ఎవడొద్దన్నాడు? కొత్తదని చెప్పి అమ్మడాన్ని వ్యాపారం అనరు, దొంగతనం అంటారు.

నల్లగొండనుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) అంతా కంప్యూటర్ దుకాణాలే, నాలుగు చోట్ల ధర అడగొచ్చు. అక్కడ అందరూ హరిశ్చంద్రులని కాదు, పక్క దుకాణం ఉందన్న భయమైనా ఉంటుంది. ఇక్కడే కొంటారా, కొనండి. ముందు ట్యూబ్‌లైట్ వెయ్యమనండి. ప్రాసెసర్ పూర్తి పేరు, కార్డు మోడలు, ఎస్ఎంపీఎస్ కంపెనీ, ఒక్కోదాని సీరియల్ నంబరు జీఎస్టీ బిల్లు మీద రాయమనండి. వాటి ఖాళీ అట్టపెట్టెలు కూడా అడిగి తీసుకోండి. "నా మీద నమ్మకం లేదా కాకా?" అని మొహం మాడ్చుకుంటాడు. లేదనే చెప్పండి.