ఆన్ ఫ్రాంక్ డైరీ మీద బాల్‌పెన్ పుకారు

"ఆన్ ఫ్రాంక్ డైరీ బాల్‌పెన్‌తో రాసి ఉంది. యుద్ధం అయ్యేదాకా బాల్‌పెన్నులే లేవు. అంటే తర్వాత తండ్రి కూర్చుని రాసి కూతురి పేరు పెట్టాడు." ఈ మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. ఆన్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకు దొరక్కుండా నెదర్లాండ్స్‌లో కుటుంబంతో దాక్కున్న యూదు పిల్ల, ఆ రోజుల్లో రాసుకున్నదే ఈ డైరీ. పైకి లాజిక్‌గా కనిపిస్తుంది కాబట్టి చదువుకున్నవాళ్లూ నమ్మేస్తున్నారు. ఆ పిల్ల పోయాక కూడా ఆమె రాతను ఆమెది కాదంటుంటే నాకు కడుపు మండిపోతుంది.

ముందు బాల్‌పెన్ సంగతి. నెదర్లాండ్స్‌లో అవి యుద్ధం తర్వాతే అమ్మకానికి వచ్చాయి, అంతవరకూ నిజమే. 1980లో జర్మనీ ఫెడరల్ క్రిమినల్ పోలీసులు నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చారు. విడి కాగితాల మీద కొన్ని దిద్దుబాట్లు బాల్‌పెన్‌వని అందులో ఉంది. ఆ మాటే నోటా నోటా పెరిగి "డైరీ మొత్తం బాల్‌పెన్" అయి కూర్చుంది. తర్వాత డచ్ (నెదర్లాండ్స్) ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్ కాగితం, జిగురు, సిరా, చేతిరాత అన్నీ పరీక్షించింది. 1986లో ఫలితాలు అచ్చయ్యాయి. బాల్‌పెన్ రాత దొరికింది రెండు చీటీల మీద. అవి డైరీ పేజీలు కావు, ఎవరో మధ్యలో పెట్టినవి. 1960 ప్రాంతంలో ఒక కోర్టు కేసు కోసం చేతిరాత పరిశీలించినవాళ్లలో ఒకావిడ రాసుకున్నవి. తమ పాత రిపోర్టును పట్టుకుని డైరీని అనుమానించడం కుదరదని 2006లో జర్మన్ పోలీసులే ప్రకటించారు.

తను దేనితో రాసేదో ఆన్ స్వయంగా రాసింది. తొమ్మిదో ఏట అమ్మమ్మ ఇచ్చిన బంగారు పాళీ ఫౌంటెన్ పెన్ అది. 1943 నవంబరులో ఒకరోజు టేబుల్ మీద చిక్కుడు గింజలు బాగుచేశాక, పుచ్చు గింజలూ చెత్తా కాగితంలో చుట్టి పొయ్యిలో వేసింది. పెన్ను కూడా అందులోనే పోయింది. మర్నాడు బూడిదలో తండ్రికి క్లిప్ దొరికింది, పాళీ జాడ లేదు. దాని మీద బెంగతో ఒక పేజీ నింపింది.

ఇక తండ్రే రాశాడన్న ఆరోపణ సంగతి. తండ్రి ఓటో ఫ్రాంక్ ఎడిట్ చేసిన మాట వాస్తవం. 1947లో పుస్తకం వేసేటప్పుడు తల్లి మీద ఆన్ కోపాలు, ఒంటి గురించి రాసుకున్నవి కొన్ని తీసేశాడు. తీసేయడం వేరు, రాయడం వేరు. ఆన్ చేతిరాత ప్రతులు ఉన్నాయి కాబట్టే అతను ఏం తీశాడో మనకు తెలిసింది.

"పదమూడేళ్ల పిల్ల ఇంత బాగా రాస్తుందా?" అని ఇంకో ప్రశ్న. మొదలుపెట్టింది పదమూడో పుట్టినరోజున, 1942 జూన్ 12న. ఆపేటప్పటికి పదిహేను. 1944 మార్చిలో, యుద్ధకాలపు డైరీలు, ఉత్తరాలు దాచమని లండన్ రేడియోలో డచ్ మంత్రి అడగడం విని, మే నుంచి పాత రాతనంతా తిరగరాయడం మొదలుపెట్టింది. పది వారాల్లో రెండు వందలకు పైగా కాగితాలు. బయటికి అడుగు పెట్టే వీలు లేని పిల్లకు రాయడమే పనైపోయింది.

చివరిగా, "జబ్బుతో పోయింది, ఎవరూ చంపలేదు" అనే మాట. 1944 ఆగస్టు 4న అక్కడ దాక్కున్న ఎనిమిది మందినీ పట్టుకున్నారు. వెస్టర్‌బోర్క్, ఆష్విట్జ్ నిర్బంధ క్యాంపులు దాటించి, ఆన్‌నూ అక్క మార్గోట్‌నూ బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో పడేశారు. తిండి లేదు, శుభ్రత లేదు, క్యాంపంతా టైఫస్ అనే అంటుజ్వరం. 1945 మొదట్లో అక్కాచెల్లెళ్లిద్దరూ పోయారు. ఆ జబ్బు పుట్టే చోటు కట్టిందీ, వాళ్లను అక్కడికి తోలిందీ నాజీలే.