డౌట్ వస్తే 'ద' పెట్టెయ్యాలట!

వాట్సాప్‌లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది, మా ఫ్యామిలీ గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. ఇంగ్లీషులో 'ద'కి (the) నాలుగు రూల్స్ చాలట: ఒకటి, దేని గురించైనా మొదటిసారి చెప్తే 'ఎ' (a), రెండోసారి 'ద'; రెండు, దేశాల పేర్ల ముందు 'ద' రాదు; మూడు, ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు 'ది' అని పలకాలి; నాలుగు, డౌట్ వస్తే 'ద' పెట్టెయ్, తప్పు కాదు. ఇంటర్వ్యూలకి వెళ్లే పిల్లలు దీన్ని బట్టీ పడుతున్నారు, అందుకే ఇదంతా.

మొదటిసారి, రెండోసారి అన్నది సగమే నిజం. ఇంట్లో అడుగు పెట్టగానే "క్లోజ్ ద డోర్" అంటారు, అంతకుముందు తలుపు ఊసే రాలేదు కదా! ఏ తలుపో ఇద్దరికీ తెలుసు, అందుకే 'ద'. చూడాల్సింది ఎన్నోసారి అన్నామని కాదు, దేని గురించి అంటున్నామో ఎదుటివాళ్లకి తెలుస్తుందా లేదా అని. ఇది మనకి మరీ కొత్తేం కాదు. "పుస్తకం చదివాను" అంటే ఏదో ఒకటి కావచ్చు, "పుస్తకాన్ని చదివాను" అంటే మాత్రం ఫలానాది అని వినేవాళ్లకి తడుతుంది. మన 'ని' ఇక్కడ చేస్తున్నది కాస్త అలాంటి పనే. తెలుగులో ఆర్టికల్ లేదు కాబట్టి మనకి ఒంటబట్టదు అనేవాళ్లు ఒకసారి ఆలోచించండి.

దేశాలంటారా, ఇండియా, జపాన్‌లకి రాదు, సరే. మరి ద నెదర్లాండ్స్, ద ఫిలిప్పీన్స్, ద యునైటెడ్ స్టేట్స్? బహువచనంలో ఉన్నవాటికీ, స్టేట్స్, కింగ్‌డమ్ లాంటి మామూలు మాటలతో కట్టిన పేర్లకీ వస్తుంది. గాంబియాకైతే నది పేరు మీదుగా వచ్చింది. ఒకప్పుడు 'ద యుక్రెయిన్' అనేవారు, 1991లో స్వతంత్ర దేశమయ్యాక, అలా అంటే ఏదో ప్రాంతం పేరులా ఉందని అక్కడివాళ్లు అభ్యంతరం చెప్పారు, ఇప్పుడు ఉత్త యుక్రెయినే.

పలకడానికి చూడాల్సింది అక్షరాన్ని కాదు, శబ్దాన్ని. యూనివర్సిటీ 'యు'తో మొదలైనా నోట్లో పలికేది 'య', కాబట్టి 'ద యూనివర్సిటీ'. ఎమ్మెల్యేలో మొదటి అక్షరం 'M' హల్లే అయినా నోట్లో పలికేది 'ఎ', కాబట్టి 'ది ఎమ్మెల్యే'. ఈ లెక్కన పేపర్ పేరు 'ద హిందూ' అవ్వాలి, కానీ ఇన్నేళ్లుగా అందరం 'ది హిందూ' అనే అంటున్నాం, దాంతో నాకు పేచీ లేదు.

ఇక ఆ నాలుగోది, అన్నిటికంటే ప్రమాదం. "ఐ లవ్ ద నేచర్" అంటే ప్రకృతి అంటే ఇష్టమని చెప్పినట్టు కాదు, అక్కడ 'ద' ఉండకూడదు. సాయంత్రం ఆఫీసులోంచి బయల్దేరుతూ "ఐయామ్ గోయింగ్ టు ద హోమ్" అన్నారనుకోండి, ఇంగ్లండ్‌లో వినేవాళ్లు మీరు ఏ వృద్ధాశ్రమానికో వెళ్తున్నారనుకోవచ్చు.