నాళం తెరిచి ఉన్నా కన్ను కారవచ్చు

కళ్ల నుంచి నీరు కారడం గురించి ఒక వ్యాసం చదివాను. ఎప్పుడూ నీరు కారుతుంటే కన్నీటిని ముక్కులోకి చేర్చే నాళం మూసుకుపోయిందనే ఆ వ్యాసమంతా చెబుతోంది. రెప్ప కండరం ఊసే లేదు, అది పెద్ద లోటు. కన్నీరు ముక్కులోకి దానంతట అది జారిపోదు. రెప్ప వేసిన ప్రతిసారీ కంటి చుట్టూ ఉండే వలయ కండరం, ఆర్బిక్యులారిస్ ఆక్యులై, బిగిసి సడలుతూ పంపులా పనిచేస్తుంది. రెప్పల లోపలి కొసన ఉన్న సన్నని రంధ్రాల గుండా నీటిని కన్నీటి సంచిలోకి లాగేది అదే.

మా పెద్దమ్మకు ముఖ పక్షవాతం వచ్చాక ఒక కన్ను కారుతూనే ఉండేది. నాళంలోకి సెలైన్ (ఉప్పునీరు) పంపితే నేరుగా గొంతులోకి దిగింది, అంటే నాళం తెరిచే ఉంది. అయినా నెలల తరబడి చుక్కల మందులే రాశారు! ఆ కండరాన్ని నడిపే ఏడో కపాల నాడి (మెదడు నుంచి ముఖానికి వచ్చే నరం) దెబ్బతింటే పంపు బలహీనపడుతుందని ఎవరూ చెప్పలేదు.

వయసు మళ్లినవారిలో కింది రెప్ప వదులై బయటికి తిరిగినా ఇదే బాధ. కంటి వైద్యులు కింది రెప్పను మెల్లగా లాగి వదిలి చూస్తారు. అది వెంటనే కంటికి అతుక్కోకపోతే వదులైనట్లే. రెప్ప బయటి కొసను బిగించే శస్త్రచికిత్స ఉంది. కళ్లు పొడిబారినా నీరు కారుతుంది కాబట్టి ముందు కారణం తేల్చుకోవాలి. కన్ను తుడిచేటప్పుడు మాత్రం రెప్పను కిందికి లాగకండి, ఇంకా సాగుతుంది.