డెబ్బది ఏళ్ల మారులు

పలాసకు దగ్గరలో ఉద్దానంలోని ఒక ఊరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ ఇంటి కొబ్బరితోటను నేలకూల్చింది. నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చిన రోజున తండ్రి డయాలసిస్‌కు పలాస వెళ్లాడు. తోట చూపించిన చిన్నాన్న ఆ చెట్లను తన పేరున రాయించుకున్నాడు. పరిహారం ఆయన ఖాతాలో పడింది. తండ్రి ఇప్పుడు లేడు. చిన్నాన్న చర్చి సంఘానికి పెద్ద. రేపు చర్చిలో, యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె పంచుకునే ప్రభువు బల్ల దగ్గర, పళ్లెం పట్టుకునేది ఆయనే. అక్క జీడిపప్పు బట్టీలో పని చేస్తుంది, తమ్ముడు ఆటో నడుపుతాడు.

తమ్ముడు: రేపు నేను చర్చికి రాను. ఆ చేతుల మీదుగా వచ్చే రొట్టె నా గొంతు దిగదు.

అక్క: రొట్టె ఆయనది కాదు కదా.

తమ్ముడు: డబ్బూ ఆయనది కాదు, తినేశాడు. నువ్వేమో పిన్నికి జ్వరమని జావ కాచి పట్టుకెళ్లావు. క్షమించండని మనకు చెప్పేవాళ్లే అందరూ. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి చిన్నాన్నకు ఎవరైనా చెప్పారా? అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడాయన. మనవాళ్లు ఆయన మేడిచెట్టు ఎక్కడం గురించి పిల్లలతో పాట పాడించి వదిలేస్తారు.

(ఇక్కడ నేను తమ్ముడి పక్షమే. క్షమించే బరువు పోగొట్టుకున్నవాళ్ల నెత్తిన మాత్రమే పెట్టడం మన సంఘాల్లో మామూలైపోయింది.)

అక్క: నిజమే. అయినా ఎన్నిసార్లు క్షమించాలని అడిగిన పేతురుకు ప్రభువు చెప్పిన మాట అలాగే ఉంది. ఏడు మారులు కాదు, డెబ్బది ఏళ్ల మారులు.

తమ్ముడు: చిన్నప్పుడు అది విని డెబ్బై సంవత్సరాలు క్షమించాలేమో అనుకునేవాడిని.

అక్క: ఏళ్లంటే అక్కడ ఏడులు. డెబ్బైసార్లు ఏడు. కానీ చిన్నాన్న ఇల్లు మన గోడ పక్కనే ఉంది, సంవత్సరాలే అనుకున్నా తప్పులేదు. నేను ఆయన్ని ఒక్కసారి క్షమించి ఊరుకోలేదు తమ్ముడూ. పొద్దున్నే ఆయన బండి చప్పుడు వినపడితే నాన్న గుర్తొస్తాడు, మళ్లీ మొదటినుంచి క్షమించుకోవాలి. పేతురుతో ఆ మాట అన్న వెంటనే ప్రభువు ఒక కథ చెప్పాడు: తన పెద్ద అప్పును రాజు మాఫీ చేసినా, తోటి దాసుడు బాకీపడ్డ నూరు దేనారాలను వదలనివాడి కథ. నూరు దేనారాలంటే వంద రోజుల కూలి. మనం పోగొట్టుకున్నది చిన్నదని నేను అనను.

తమ్ముడు: అయితే అర్జీ పెడదాం. ఒడిశాలో మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్ గారి భర్తనూ ఇద్దరు పిల్లలనూ 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో తగలబెట్టారు. ఆమె క్షమించారు. కేసు ఆగిందా? 2011లో సుప్రీంకోర్టు ముఖ్య నిందితుడికి పడ్డ యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది.

అక్క: ఆమె బారిపదాలోనే ఉండి కుష్ఠురోగులకు సేవ చేశారు, అదీ గుర్తుంచుకో. అర్జీ పెట్టు, నేనూ సంతకం చేస్తాను. కానీ చిన్నాన్న కూతురికి కుదిరిన సంబంధం చెడగొట్టాలని ఫోను చేసింది నువ్వే కదా? చెట్ల డబ్బులో ఆ పిల్లకేం వాటా ఉంది?

తమ్ముడు కాసేపు ఆటో తాళాలు చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

తమ్ముడు: అది తప్పే.

అక్క: మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో డెబ్బది ఏళ్ల మారుల కంటే ముందే ఇంకో మాట ఉంది. నీ సహోదరుడు తప్పు చేస్తే నువ్వే వెళ్లి, ఇద్దరే ఉన్నప్పుడు గద్దించమని. ఆటోస్టాండులో చెప్పావు, పాస్టరుగారికి చెప్పావు. ఆయనకు చెప్పావా?

తమ్ముడు: నువ్వు చెప్పావా? జావ గిన్నె అక్కడ పెట్టి వచ్చేశావు. నీది క్షమాపణా, భయమా?

అక్క జవాబు చెప్పలేదు. జీడి సొనకు నల్లబడి పొక్కులూడిన వేళ్లను ఒడిలో దాచుకుంది.

అక్క: భయం కూడా ఉంది. ఆయన అరిస్తే నాన్న అరిచినట్టే ఉంటుంది.

తమ్ముడు: ఈ రాత్రికే వెళ్దాం పద. కాగితాలు తెస్తాను.

అక్క: కాగితాలు తర్వాత. గుమ్మం దాకా నేను వస్తాను, లోపలికి నువ్వొక్కడివే వెళ్లు. ఫోను సంగతి ముందు నువ్వు ఒప్పుకో.

తమ్ముడు: ఆ తర్వాత ఏమనాలి?

అక్క: చెట్ల లెక్క చెప్పు. నలభై రెండు. నాన్న మంచం మీద పడుకుని, వరసల వారీగా వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పాడు.