సవరణ: సిల్వర్ బీచ్ (beech) చెట్టు ఏ కుటుంబానిది?

న్యూజిలాండ్ అడవుల గురించి మొన్న రాసిన పోస్టులో సిల్వర్ బీచ్‌ని యూరప్ బీచ్‌తో కలిపి ఫేగేసీ కుటుంబంలో చేర్చేశాను. తప్పు నాదే, పేరు చూసి బోల్తాపడ్డాను. దక్షిణార్ధగోళపు బీచ్‌లది వేరే కుటుంబం, నోథోఫేగేసీ. యూరప్ బీచ్‌కి ఇవి దాయాదులే తప్ప తోబుట్టువులు కావు.

ప్రజాతి (కుటుంబం కింద వచ్చే చిన్న వర్గం, జీనస్) దగ్గర ఇంకో చిక్కుంది. నోథోఫేగస్ అని ఊరుకున్నాను. 2013లో వృక్షశాస్త్రవేత్తలు హీనన్, స్మిసెన్ దాన్ని నాలుగు ప్రజాతులుగా విడదీశారు. అవి నోథోఫేగస్, ఫస్కోస్పోరా, లోఫోజోనియా, ట్రైసింజైన్. ఆ లెక్కన వేలిగోరంత ఆకులు, ఆకు అంచున జంట నొక్కులు ఉండే సిల్వర్ బీచ్ లోఫోజోనియాలోకి, రెడ్ బీచ్ ఫస్కోస్పోరాలోకి వెళ్తాయి. ఈ విభజనని అందరూ ఒప్పుకోలేదు, పాత పేరూ ఇంకా చెల్లుతోంది. అందుకే ఆ పోస్టుని సవరించి రెండు పేర్లూ పక్కపక్కనే పెట్టాను.