డౌన్‌లోడ్ మందగమనం: దోషిని పట్టుకోవద్దని మనవి

డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్‌లో వేగం ఒక పూట పరుగెత్తి, ఒక పూట నడిచి, మరో పూట చతికిలబడుతోందని జనం వాపోతున్నారు. తప్పెవరిదో తేల్చాలట. తేల్చడం పెద్ద కష్టం కాదు, నా భయమల్లా అదే. దోషి దొరికిపోతే, ఇంటిల్లిపాదీ కలిసి తిట్టుకోవడానికి ఇంకెవరు మిగులుతారు?

ఇప్పటికే కొంత నష్టం జరిగిపోయింది. 100 ఎంబీపీఎస్‌కు డబ్బు కడితే 11 మాత్రమే వస్తోందని లబోదిబోమనే హక్కు మొన్నటిదాకా అందరికీ ఉండేది. అంతలో ఏ ఇంజనీరింగ్ కుర్రాడో వచ్చి, ప్యాకేజీ మీద ఉన్నవి మెగాబిట్లు, సాఫ్ట్‌వేర్ చూపేవి మెగాబైట్లు, బైటుకు ఎనిమిది బిట్లు కనుక ఎనిమిదితో భాగిస్తే 12.5, దారి ఖర్చులు పోను 11 న్యాయమే అనేస్తాడు. సుమారు 6 గిగాబైట్లుండే ఉబుంటు (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఫైలు ఆ లెక్కన తొమ్మిది నిమిషాల్లో దిగిపోవాలట. మోసపోయామన్న తృప్తిని లాక్కున్నవాడికి ఆ ఇంట్లో రెండోసారి కాఫీ దొరకదు.

ఇక ఫిర్యాదు చేస్తే వచ్చే అబ్బాయి. చెప్పులు గుమ్మం బయట విడిచి, సరాసరి రూటర్ పక్కకు వెళ్లి నిలబడి, తన ఫోన్లో స్పీడ్ టెస్ట్ నొక్కుతాడు. ముల్లు గిర్రున తిరిగి 97 దగ్గర ఆగుతుంది. "చూడండి సార్, మా వైపు అంతా బాగానే ఉంది. ఓటీపీ వచ్చి ఉంటుంది, చెప్తారా?" అంటాడు. అతను అబద్ధమాడలేదు. ఆ పరీక్ష సాధారణంగా దగ్గర్లోని సర్వర్‌తోనే జరుగుతుంది, మీ ఫైలు మాత్రం సముద్రాల అవతలి నుంచి రావాలి. ఇంకా నిలదీద్దామంటే ప్రభుత్వం కూడా అతని పక్షమే. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. రాత్రిపూట తెర మీద సెకనుకు 400 చొప్పున పాకుతున్న కిలోబైట్లను ఈసారి ఎనిమిదితో గుణించండి: 3.2 ఎంబీపీఎస్. మీరు నెత్తి కొట్టుకుంటున్నది అక్షరాలా బ్రాడ్‌బ్యాండ్ ముందే.

రూటర్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేసే ఆచారం ఉత్తమమైనది. దానివల్ల ఒక్కోసారి పని జరుగుతుంది, ఎందుకు జరిగిందో ఎవరికీ తెలియదు. ఇంతకన్నా సురక్షితమైన వైద్యం లేదు. కొందరు దుడుకువాళ్లు మాత్రం కంప్యూటర్‌ను కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి చూస్తున్నారు. వేగం పెరిగితే దోషం వైఫైదని బయటపడుతుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో ఒకదానితో ఒకటి ఢీకొనని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. అపార్ట్‌మెంట్‌లోని రూటర్లన్నీ వాటి మీదే పడి కొట్టుకుంటాయి, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ రొదలో గొంతు కలుపుతుంది. అంటే ఇన్నాళ్లూ కంపెనీని తిట్టిన నోటితో పక్క ఫ్లాటు పిన్నిగారి రూటర్‌ను తిట్టాలి. సంక్రాంతికి అరిసెలు పంపేది ఆవిడే.

కారణం వెతకడం అనే దురలవాటుకు పాత చరిత్ర ఉంది. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య 400 గజాల దూరంలో 32 కేబీపీఎస్ లైను ఉన్నట్టుండి సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. మర్యాదస్థులైతే తీగను తిట్టి ఇంటికి పోయేవారు. వాన్ జాకబ్సన్, మైకేల్ కారెల్స్ అనే ఇద్దరు పరిశోధకులు కారణం తవ్వి, 1988లో వ్యాసం రాసి ప్రచురించారు. ఫలితంగా ఇవాళ్టికీ టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటాను చేరవేసే పద్ధతి) కనెక్షన్ మెల్లగా మొదలై, వేగం పెంచుకుంటూ పోయి, దారిలో ప్యాకెట్, అంటే డేటా ముక్క, పోయిందంటే రద్దీ ఉందనుకుని వెనక్కి తగ్గుతుంది. మీ గ్రాఫులో కనిపించే ఎగుడుదిగుళ్లలో కొన్ని రోగం కాదు, పద్ధతి. ఇదెంత నిరాశ కలిగించే సమాచారమో చూడండి.

మన పద్ధతి వేరు. ఇంటర్నెట్ డౌన్‌లోడ్ మేనేజర్ దొరికిందంటే ఒకే ఫైలును ముక్కలుగా ఒకేసారి లాగే కనెక్షన్లు 32కు పెంచేస్తాం, రేషన్ షాపు ముందు ఇంటిల్లిపాదీ విడివిడిగా నిలబడ్డట్టు. సర్వర్ కనెక్షన్‌కింత అని కొలిచి పోస్తున్నప్పుడు ఈ విద్య పండుతుంది. ఇరుకు మన లైనులోనే ఉంటే ఆ ఇరుకునే 32 మంది పంచుకుంటారు. ఫైలును ముక్కలుగా ఇవ్వడం చేతకాని సర్వర్ అయితే 32 రాసినా ఒకటే, ఒళ్లు మండిన సర్వర్ అయితే ఆ ఒకటీ తెంపేస్తుంది. ఇవేవీ పరీక్షించకండి. అదే ఫైలును మరో మిర్రర్ (దాని నకలు ఉంచిన వేరే సర్వర్) నుంచి అస్సలు ప్రయత్నించకండి. నిమిషంలో వచ్చేస్తే కంపెనీ నిర్దోషి అని తేలిపోతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనవి సెట్టింగులు. అక్కడ వేగ పరిమితి అని ఒకటుంటుంది. ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్‌లోనైతే కిందనే నత్త బొమ్మ, నొక్కితే వేగం తగ్గుతుంది. ఎప్పుడో పిల్లల ఆన్‌లైన్ క్లాసుకు అడ్డు రాకూడదని ఇంట్లో ఎవరో నొక్కి మరిచిపోయి ఉంటారు. ఎవరు నొక్కారని అడగకండి. చూసి తీరాలనిపిస్తే, ఆ అబ్బాయికి ఓటీపీ చెప్పి పంపించేశాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూడండి.